బరువుకి కట్టిన కమాన్లు

మా జాలరిపేటలో మగవాడికి ఉన్నవి రెండే పనులు. ఒకటి వేటకెళ్ళడం, రెండోది వేట నుంచి వచ్చాక వేట గురించి చెప్పడం. తెడ్డు నీలకంఠానికి రెండోది బ్రహ్మాండంగా వచ్చు. మొదటిదే పట్టుబడలేదు. తాత బోటు నడిపే సరంగు, తండ్రి సరంగు, అన్న అర్జునరావుకి సొంత బోటు. నీలకంఠం మాత్రం కెరటాలు దాటి నీళ్ళు నల్లబడే చోటికి చేరేసరికి కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకునేవాడు.

ఈత రాదని కాదు, చేపలా ఈదుతాడు. వల అల్లడంలో పేటలో వాడి చేతిని మించిన చెయ్యి లేదు. ఒడ్డున నిలబడి నీటి రంగు చూసి ఏ పక్క చేప ఉందో చెప్తే ఉండి తీరేది. ఒడ్డున ఉన్నంతసేపూ వాడే సరంగు. తెప్ప మీద కాలు పెడితే మాత్రం కథ మారిపోయేది. నిమ్మకాయ చప్పరించాడు, అల్లం నమిలాడు, తాయెత్తు కట్టించుకున్నాడు. కొన్ని వేటలు కక్కితే అలవాటైపోతుందని పెద్దలు చెప్పారు. నీలకంఠం ఆ అవకాశం కూడా సముద్రానికి ఇచ్చి చూశాడు, తొంభైల దశాబ్దంలో సగం దానికే సరిపోయింది.

"నీలకంఠం బోట్లో ఉంటే ఎర కొనక్కర్నేదురా" అని బోట్లలో పనిచేసే కళాసీలు నవ్వేవారు.

నేను వాడికి వరసకి బావని. రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని. సముద్రం పక్కనే ఉంటూ సముద్రం మీదికి వెళ్ళని మగవాళ్ళం పేటలో మేమిద్దరమే కాబట్టి, వాడు కష్టసుఖాలు నా దగ్గరే చెప్పుకునేవాడు. నాకు సలహాలివ్వడమంటే అసహ్యం. మా పేటలో ఆ జబ్బు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళంతా ఆరోగ్యవంతులు, అడగకుండానే ఇస్తారు.

వాడి పెళ్ళి మేనత్త కూతురు గౌరీశ్వరితో జరిగింది. మేనత్త అంటే గంగాలమ్మ. ఆవిడ గురించి చెప్పకపోతే ఈ కథలో ఒక్క అడుగూ ముందుకి పడదు. పేటలో చేపలమ్మే ఆడవాళ్ళందరికీ ఆవిడే పెద్ద. ఆవిడ ఏ సంతకి వెళ్తే అందరూ ఆ సంతకే వెళ్తారు, ఏ ఆటో ఎక్కితే ఆ ఆటోనే ఎక్కుతారు. ఆవిడ ఎక్కకముందు ఎవరూ కాలు పెట్టరు. ఈ రూలు ఎవరు పెట్టారో తెలీదు, అతిక్రమించి చూసినవాళ్ళూ లేరు. కక్కే అల్లుడికి కూతుర్ని ఎలా ఇచ్చావని ఎవరో అడిగితే, "గుంట పుట్టినప్పుడే మాటిచ్చీసినాను. అప్పుడికి ఈడింకా పాలే కక్కేవోడు, ఎవులికి తెలుసు?" అందట.

రెండువేల ఒకటి దీపావళి వెళ్ళాక నీలకంఠానికి ఆలోచన ఒకటి వచ్చింది. మా బోట్లు ఇసకలో ఆగుతాయి. రోడ్డు పైన ఉంటుంది. మధ్యలో మోకాలిదాకా దిగబడే ఇసక, ఆ తర్వాత ఏటవాలు. అమ్మకానికి వెళ్ళే ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని ఇదంతా ఎక్కి రోడ్డు మీదికి చేరితే తప్ప ఆటో దొరకదు. ఏ ఆటోవాడూ ఇసకలోకి చక్రం దించడు. బోటు పక్కదాకా వెళ్ళి, గంపల్నీ మనుషుల్నీ అక్కడే ఎక్కించుకుని, తిన్నగా తగరపువలస సంతలో దించే బండి ఉంటే? సముద్రం వాసన తగులుతూనే ఉంటుంది, సముద్రం మీదికి వెళ్ళక్కర్లేదు. వాడు పాత లగేజీ ఆటో ఒకటి కొనుక్కొచ్చాడు.

లగేజీ బండిలో మనుషులెక్కకూడదని రూలుంది. కానీ మా ఆడవాళ్ళనీ వాళ్ళ గంపల్నీ విడదీసి చూపించగల పోలీసు ఇంకా విశాఖపట్నానికి బదిలీ మీద రాలేదు.

అర్జునరావు తమ్ముణ్ణి పిలిచి నలుగురి ముందు తేల్చి చెప్పాడు. "సూడు తమ్మీ, నా బోట్లో మనిషి సాల్డం నేదు. వచ్చే నిషేదం అయిపోయేదాకా నీ బండాట సూసుకో. ఆడిందా, నీ బతుకు నీది. ఆడనేదా, మొదటి రోజునే నా బోటెక్కాల. కక్కుతావో మింగుతావో నాకు తెల్దు." ప్రతి ఏడూ ఏప్రిల్ మధ్య నుంచి చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపేస్తుంది. ఆ గడువు ముగిసే రోజుకి బండి నిలదొక్కుకోవాలి. నిలదొక్కుకోవడమంటే గంగాలమ్మ ఎక్కడం. ఇంకో అర్థం లేదు.

మొదటి రోజు బండి ఇసకలోకి దిగి, నాలుగు బారలు వెళ్ళి, ముందు చక్రం పాతేసుకుని కూర్చుంది. పేటంతా చుట్టూ చేరింది. తలో మాటా అన్నారు. ఉక్కు ఫ్యాక్టరీ పెట్టుకున్న ఊరు కాబట్టి ఇనుము గురించి అభిప్రాయం లేనివాడు మాలో లేడు. చివరికి అందర్నీ తోసుకుని సూరన్న వచ్చాడు. సూరన్న ముసలాయన, తెప్పలు కడతాడు, పేటలో తేలుతున్న ప్రతి కర్రమీదా ఆయన బాడిస పడింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి, జబ్బు కనిపెట్టేశాడు.

"మూతి కిందికుందిరా దీనికి. కెరటానికి మూతి దించిన తెప్ప ఎక్కడికెల్తాది? అడుక్కెల్తాది. మూతి లెగాల. ఎనక దించు."

నిజానికి నీలకంఠానికీ లోపల అదే అనిపించింది. మా పేటలో పుట్టినవాడికి చక్రాలున్నా, కాళ్ళున్నా, కదిలేదంతా తెప్పే. వెనక ఇరుసు మీద ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన కట్టలుంటాయి. వాటిని కమాన్లంటారు. బరువు పడితే వంగుతాయి, దిగితే లేస్తాయి. సూరన్న దగ్గరుండి ఇద్దరి చేత బోల్టులు విప్పించి ఒక్కో పక్క నుంచి రెండేసి పట్టీలు తీయించాడు. టైర్లలో గాలి కొంత తీశారు. బండి వెనక్కి కూలబడింది, మూతి ఆకాశాన్ని చూసింది. పొయ్యి దగ్గర కూర్చున్న పిల్లిలా ఉందని నాకనిపించింది కానీ ఎవరూ నన్నడగలేదు.

మళ్ళీ ఇసకలోకి దించారు. ముందు చక్రం దిగబడలేదు. ఇసక మీద తేలినట్టు వెళ్ళింది. మెత్తబడ్డ బండి అచ్చం తెప్పలా అటూ ఇటూ ఊగింది. హ్యాండిలు పట్టుకున్న నీలకంఠానికి కడుపులో తిప్పింది. బోట్ల దాకా వెళ్ళి ఆపి, దిగి, పక్కకెళ్ళి కక్కి వచ్చాడు. సూరన్న ముఖంలో తృప్తి చూడాలి.

"ఇప్పుడు కుదిరింది" అన్నాడు.

గంగాలమ్మ మర్నాడే ఎక్కింది. అల్లుడి మీద ప్రేమతోనా, మోకాలిలోతు ఇసక మీద విసుగుతోనా అని నేను విచారించలేదు. ఆవిడ ఎక్కితే వెనకాలే అందరూ ఎక్కారు. గంపలెక్కాయి. ఇసక మీద ఊరేగింపులా నడిచింది బండి. పిల్లలు పరిగెత్తారు. నీలకంఠం ముఖం వెలిగిపోయింది, వికారాన్ని కూడా దిగమింగుకున్నాడు. ఏటవాలు దగ్గర గేరు మార్చి రోడ్డెక్కబోయాడు.

కెరటమెక్కినప్పుడు తెప్ప మూతి లేవాలి, నిజమే. వెనక తెడ్డేసేవాడున్నాడు కాబట్టి ఫరవాలేదు. మూడు చక్రాల బండికి మూతి లేస్తే తిప్పాల్సిన చక్రం గాలిలోకి పోతుంది. బరువంతా వెనకుంది, ఎత్తేమో ముందుంది. ముందు చక్రం నేలనొదిలేసింది. నీలకంఠం హ్యాండిలు కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు, చక్రం గాలిలో చక్కగా వాడు చెప్పినట్టే తిరిగింది. బండి మాత్రం నెమ్మదిగా వెనక్కి జారి, పక్కకి ఒరిగి, ఆడవాళ్ళనీ గంపల్నీ ఇసకలో దొర్లించింది.

ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు, ఒక్క గంగాలమ్మకి తప్ప. ఆవిడ మోకాలు గంప అంచుకి కొట్టుకుంది. వంజరం చేపలు ఇసకలో పొర్లాయి. కాకులకీ కుక్కలకీ ఆ రోజు పండగ. ఒడ్డున నిలబడి చూస్తున్న కళాసీ ఒకడు అననే అన్నాడు, "ఇన్నాల్లూ నువ్వే కక్కేవోడివి. ఇప్పుడు నీ బండి కూడా కక్కేత్తంది."

గంగాలమ్మ కూతురి భుజం పట్టుకుని లేచింది. తిట్టలేదు. ఆవిడ తిట్టకపోతే భయపడాలి.

"ఈ బండి మల్లీ ఎక్కను" అంది. "ఎక్కితే అడగండి."

ఆ మాట చాలు. ఇక పేటలో ఆడవాళ్ళెవరూ ఆ బండి వైపు చూడలేదు. గౌరీశ్వరి కూడా చూడలేదు, పెళ్ళామైనా సరే. ఇంట్లో వాడికి అన్నం పెట్టేది, నవ్వేది, గొడవేమీ లేదు. తెల్లారి గంప నెత్తిన పెట్టుకుని మొగుడి ఖాళీ బండి పక్క నుంచే నడుచుకుంటూ ఏటవాలు ఎక్కేది. "మా అమ్మని అడగను, నిన్ను మానమనను. మజ్జిన నన్ను పెట్టకండి" అందట. అడకత్తెరలో పోకచెక్క ఇంతకంటే బాగా మాట్లాడలేదు.

ఒక సాయంత్రం నీలకంఠం ఐసు ఫ్యాక్టరీకి వచ్చి కూర్చున్నాడు.

"బావా, బోటెక్కితే కడుపు పోతాది. ఇక్కడుంటే పరువు పోతంది. ఏది పోతే నయం?"

నవ్వుతూ అడిగాడు గానీ కళ్ళు నవ్వలేదు. నాకు బాధేసింది. అయినా సలహా ఇవ్వలేదు. తగరపువలస దాటాక హైవే మీద లారీలకి కమాన్లు కట్టే అప్పలరాజు అనే మనిషున్నాడని మాత్రం చెప్పాను. అది సలహా కాదు, సమాచారం.

మర్నాడు నేనూ వెంట వెళ్ళాను. అప్పలరాజుది ఆ పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. పొలం తమ్ములకొదిలేసి షెడ్డు పెట్టుకున్నాడు. బండిని చూడగానే నవ్వాడు.

"ఎవుడయ్యా ఇది కట్టినోడు? ఎడ్లబండి ఎప్పుడైనా సూసినాడా? ఎనకబరువైతే కాడి పైకి లెగిసి ఎద్దు మెడకి ఉరి పడిపోద్ది. కాడి మీద పిసరంత బరువుండాల. నీకు ముందు సక్రవే ఎద్దు. దాన్ని గాల్లోకి ఎత్తీసినారు."

మా పేటవాళ్ళకి అది తెప్పలా కనిపించింది, ఈయనకి ఎడ్లబండిలా కనిపించింది. అది ఆటో అని ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. అయినా అప్పలరాజు లెక్క కొంత సరైందే. తీసిన పట్టీలు మళ్ళీ వేసి, పైన ఇంకొకటి చేర్చాలన్నాడు. "ఎంత బరువెక్కుద్దో సెప్పు. ఆ బరువెట్టి కడతాను. ఖాళీ బండికి కమాను కట్టడవంటే మనిషి నేకుండా సొక్కా కుట్టడవే."

"గంపలు, ఆడోల్లు" అన్నాడు నీలకంఠం.

"ఆడోల్లు ఒక్కొక్కలు ఎంత బరువుంతారు?"

ఆ ప్రశ్న అడిగి మా పేటలో క్షేమంగా తిరిగిన మగవాడు లేడు. నీలకంఠం ఆలోచించి, షెడ్డు పక్కన రోడ్డు పనికి పోసిన రాళ్ళ గుట్ట దగ్గరికి వెళ్ళాడు. ఒక్కో రాయీ ఎత్తి చూసి, "ఇది అసిరమ్మ... ఇది ఆదిలక్ష్మమ్మ..." అంటూ బండిలో పెట్టాడు. ఒక రాయిని ముగ్గురం కలిసి ఎత్తాం. అదెవరో వాడు చెప్పలేదు, మేమూ అడగలేదు. గంపలకి బదులు తడి ఇసక బస్తాలు వేశాడు. అప్పలరాజు ఆ బరువు మీద బండి సమంగా నిలబడేదాకా పట్టీలు మార్చి, బోల్టులు బిగించి, కొత్త షాకబ్జర్లు వేసి పంపించాడు.

రాళ్ళతో హైవే మీద తిప్పి చూశాం. అబ్బ, ఉయ్యాల. గుంతలో పడ్డా తెలీలేదు. రాళ్ళు దింపేసి ఇంటికి బయల్దేరాం. పేటకి చేరేసరికి నా నాలుక పళ్ళ మధ్య రెండుసార్లు పడింది. బరువుకి కట్టిన కమాను బరువు లేకపోతే వంగదు. ప్రతి గులకరాయికీ బండి ఎగిరింది, వెనక చక్రాలు గంతులేశాయి.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఎవరూ ఎక్కరు కాబట్టి బండి ఎప్పుడూ ఖాళీ. ఖాళీ కాబట్టి ఎగురుతుంది. ఎగురుతుంది కాబట్టి ఎవరూ ఎక్కరు. "బరువుంటే మెత్తగా ఎల్తాదొలే" అని నీలకంఠం కనిపించిన ఆడమనిషికల్లా చెప్పేవాడు. వాడి వెనక బండి పాతరేకుల దుకాణంలా చప్పుడు చేస్తుండగా ఆ మాట ఎవరు నమ్ముతారు? పైగా రాళ్ళ సంగతి వాడికంటే ముందే పేటకి చేరిపోయింది. ముగ్గురు ఎత్తిన రాయి ఎవరో చెప్పకపోయినా కుక్కపిల్లనడిగినా చెప్తుంది. గంగాలమ్మకి కోపం రెట్టింపయింది.

అంతలో వేట నిషేధం వచ్చేసింది. బోట్లు ఒడ్డెక్కాయి. చేప లేదు, గంప లేదు, సంత లేదు. నీలకంఠం విశాఖలో ద్వారకా నగర్ షాపులకి అట్టపెట్టెలు మోసి రోజులు గడిపాడు. అట్టపెట్టెలకి బరువుండదు, బండి వాటినీ ఎగరేసింది. గంగాలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని మోకాలికి ఆముదం రాసుకుంటూ, దారిన పోయే ఆ చప్పుడు వింటూ ఉండేది.

గడువు ముగిసింది. బోట్లు మళ్ళీ నీళ్ళలో దిగే రోజు పేటలో ఒక ఆచారముంది. పసుపు కలిపిన నీళ్ళలో వేపాకు వేసిన కుండని ముర్రాట అంటాం. ఆడవాళ్ళు ముర్రాటలు నెత్తినెత్తుకుని వచ్చి, గంగమ్మ తల్లికి మొక్కి, బోట్ల మూతుల మీద పోస్తారు. ఆ తర్వాతే బోటు కదలాలి. మొదటి ముర్రాట గంగాలమ్మది, ఆవిడ తల్లి తర్వాత ఆవిడకే వచ్చింది. ఇంటి దగ్గర తలకెత్తుకున్న కుండ బోటు దగ్గరే దిగాలి. మధ్యలో దించకూడదు, చేతులు మారకూడదు, ఒలకకూడదు. ఒలికితే ఆ ఏడు వేట లేదని మా నమ్మకం.

ఆ ఉదయం నీలకంఠం కూడా వచ్చాడు. అన్న బోటెక్కడానికి. బండిలో వలలు వేసుకుని ఇసకలోకి దింపడమే దానితో ఆఖరి పని అనుకున్నాడు. పొద్దున్నే బండిని కడిగి, మూతికి పసుపు రాసి, బొట్టు కూడా పెట్టాడు. అమ్మేసే గొడ్డుకి అలా చేస్తారని తెలుసు గానీ, వాడి మనసులో ఇంకేదో ఉంది. బోట్లతోబాటు బండికీ రెండు చుక్కలు పడతాయేమోనన్న ఆశ. అడిగితే ఒప్పుకోడు. చేతిలో గుడ్డసంచి, అందులో నిమ్మకాయలు.

డప్పులు మోగాయి. గంగాలమ్మ ముందు, వెనక వరసగా ఆడవాళ్ళు, రోడ్డు దాటి ఏటవాలు మొదట్లోకి వచ్చారు. అంతవరకూ మోకాలు పళ్ళబిగువున నడిచింది. ఏటవాలులో కాలు పెట్టగానే మడత పడింది. నెత్తి మీద కుండ ఊగింది. ఆవిడ రెండు చేతులా కుండ పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. వెనక్కి వెళ్ళే వీల్లేదు, ముందు ఇసక.

"అత్తా, నానెత్తుకుంతాను" అంది వరసలో రెండోదైన అసిరమ్మ మర్యాదగా. ఆ మర్యాద వెనక ఎన్నేళ్ళ ఎదురుచూపుందో ఆడవాళ్ళందరికీ తెలుసు.

"నా పేణం ఉండగా?" అంది గంగాలమ్మ.

డప్పులు ఆగిపోయాయి. అప్పుడు నీలకంఠం వలలు కింద పడేసి బండి తీసుకొచ్చి ఆవిడ పక్కన ఆపాడు. ఆవిడ మోకాలు అలా అవడానికి తనే కారణమన్న బాధ వాణ్ణి ఆ నెలలన్నీ తినేసింది.

"ఎక్కత్తా."

"ఎగరేత్తాది నీ బండి. ముర్రాట ఒలికిపోతే ఎవుడిస్తాడ్రా వేట?"

"ఖాళీగుంటే ఎగరేత్తాది. బరువుంటే ఎగరదత్తా, నా మాట నమ్ము."

బరువు ఎక్కడిది? చేపలింకా సముద్రంలోనే ఉన్నాయి. ఆడవాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. గంగాలమ్మ ఎక్కకుండా వాళ్ళెక్కరు. వాళ్ళెక్కి బండి బరువెక్కితే తప్ప గంగాలమ్మ ఎక్కదు. ఆ రూలు పెట్టింది ఎవరో గానీ ఆ క్షణంలో దొరికితే కొట్టేవాణ్ణి.

సూరన్నే కదిలాడు. గుంపులో నిలబడ్డ సరంగుల్నీ కళాసీల్నీ చూసి అరిచాడు. "సూత్తా నిలబడతారేట్రా? మగోల్లకి రూలేటి? బరువు నేరేటి మీరు? ఎక్కండి."

ముందు అర్జునరావు ఎక్కాడు. బోటు యజమాని, తమ్ముడి బండిలో ఇసకబస్తా అయి మూల కూర్చున్నాడు. వెనకాలే ఒక్కొక్కరూ ఎక్కారు. నీలకంఠం ఉంటే ఎర అక్కర్లేదన్నవాళ్ళు, బండి కక్కిందన్నవాళ్ళు, అందరూ మోకాళ్ళు ముడుచుకుని బుద్ధిమంతుల్లా సర్దుకున్నారు. బండి వెనక నెమ్మదిగా కిందికి దిగి సమంగా నిలబడింది. మధ్యలో బోర్లించిన గంప మీద, కూతురి భుజం ఊతంతో ఎక్కి, నెత్తిన ముర్రాటతో గంగాలమ్మ కూర్చుంది.

సూరన్న బండి పక్కనే నడుస్తూ మనుషుల్ని జరిపాడు. "దిగుడు... అందరూ ఎనక్కి వాలండి. ఊఁ, ఇప్పుడు మజ్జిన. ఇసక మెత్తగుంది, ఒరే నువ్వు ఇంకొంచెం ఎనక్కి జరుగు. మిట్టొస్తంది, ముందుకి, ముందుకి!" తెప్పని అలాగే నడుపుతారు. మూతి లేవాలంటే మనుషులు వెనక్కి, దిగాలంటే ముందుకి. మరి మొదటి రోజున కమాన్ల బోల్టులు ఎందుకు విప్పించాడో ఆయన్ని ఇప్పటికీ అడగలేదు. అడిగితే నావల్లే కుదిరిందంటాడు.

బండి ఎగరలేదు. బరువంతా మోసుకుని ఇసక మీద మెత్తగా వెళ్ళింది. నీలకంఠం కళ్ళార్పకుండా, అంగుళం అంగుళం తోలాడు. వాడి మెడ మీద చెమట కారుతోంది. వెనక కూర్చున్న సరంగులు ఊపిరి కూడా అడిగి తీసుకుంటున్నట్టున్నారు. బోట్ల దగ్గర బండి ఆగాక గంగాలమ్మ కుండ దించి లోపలికి చూసింది. వేపాకు కూడా కదల్లేదు.

పూజ జరిగింది. గంగాలమ్మ కుంటుకుంటూ ఒక్కో బోటు మూతి మీదా పసుపు నీళ్ళు పోసింది. నీలకంఠం వెళ్ళి తన బండి మూతి పక్కన నిలబడ్డాడు, ఏదో తుడుస్తున్నట్టు. ఆవిడ చివరి బోటు దగ్గర కుండ బోర్లించేసింది. చుక్క కూడా మిగల్లేదు. బండి వైపు చూడనైనా చూడలేదు. నాకు ఒళ్ళు మండింది.

నీలకంఠం చేతిగుడ్డ భుజానేసుకుని, సంచి తీసుకుని, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "ఎవులైనా కొంతారేమో సూడు బావా" అన్నాడు. బోట్లు ఒక్కొక్కటే నీళ్ళలోకి జారుతున్నాయి. అర్జునరావు బోటు మీంచి చెయ్యూపాడు, "రా రా, కెరటం బాగుంది!"

వాడు నీళ్ళలోకి దిగాడు. మోకాలి దాకా వెళ్ళాడు.

"ఒరే నీలకంఠం!"

అందరం వెనక్కి తిరిగాం. గంగాలమ్మ బండిలో కూర్చుని ఉంది. ఒక్కర్తే. ఒళ్ళో ఖాళీ కుండ. ఎలా ఎక్కిందో ఎవరూ చూడలేదు. ఇప్పుడు ముర్రాట లేదు, ఒలికేదేమీ లేదు. ఇద్దరు ఆడవాళ్ళు చెరో చెయ్యి పట్టుకుంటే మెల్లగా నడిచి వెళ్ళిపోవచ్చు.

"నన్నిక్కడొగ్గీసి ఎక్కడికెల్తన్నావురా? బండెవుడు తోల్తాడు, నీ అన్న తోల్తాడా?"

నీలకంఠం నీళ్ళలోనే నిలబడిపోయాడు. ఒకసారి బోటుకేసి, ఒకసారి బండికేసి చూశాడు. తర్వాత పరిగెత్తుకుంటూ వచ్చి నా చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాడు. ఏడుస్తున్నాడు, దాచుకోవడానికి ప్రయత్నించలేదు. అర్జునరావు ఏదో అరిచాడు గానీ బోటు అప్పటికే కెరటం మీదుంది.

ఖాళీ బండి బయల్దేరింది. సరంగులు లేరు, బరువు లేదు. ఇసక దాటి గట్టినేల తగలగానే గంతులు మొదలెట్టింది. గంగాలమ్మ ఎగిరి పడింది, కుండ ఎగిరి పడింది. ఆవిడ రెండు చేతులా పక్కరేకులు పట్టుకుని పళ్ళు బిగించింది. దిగుతాననలేదు. పక్కనే నడుస్తున్న ఆడవాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ఏటవాలు దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి ఓపిక అయిపోయింది.

"ఏటే అలా సూత్తన్నారు?" అని అరిచింది వాళ్ళని. "బరువు నేక బండెగిరిపోతంటే నడుచుకుంటా ఎల్తన్నారేటి? నా నడుం ఇరిగిపోతంది, ఎక్కండే!"

అసిరమ్మ ముందెక్కింది. ఆదిలక్ష్మమ్మ ఎక్కింది. తర్వాత ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఎక్కారు, కుండలన్నీ ఒళ్ళో పెట్టుకున్నారు. "ముందుకి జరగండే, ముందుకి!" అని గంగాలమ్మ గదమాయించింది. బండి సర్దుకుని, సమంగా నిలబడి, ముందు చక్రం నేలనొదలకుండా ఏటవాలెక్కి రోడ్డు మీదికి చేరింది.

గౌరీశ్వరి ఒక్కతే నడిచి ఇంటికొచ్చింది. బండిలో ఆమెకి చోటు మిగల్లేదు.